నా సమాధికి సున్నం

బందరు సమాధుల తోటలో నాకో సమాధి ఉంది. నవ్వకండి. ‘దైవాధీనం, 1943లో సముద్రమందు మరణించెను’ అని రాతి మీద చెక్కించి మరీ కట్టారు మావాళ్లు. జపాను జలాంతర్గామి నేను పనిచేసే ఓడని ముంచేసిందని టోక్యో రేడియో ఓడ పేరుతో సహా చెప్పిందట. ఇంకేం, ఏడ్చి, ప్రార్థన పెట్టించి, సమాధి కట్టేశారు. మూడు నెలలకి నేను సంచీ భుజాన వేసుకుని బస్సు దిగాను. మా ఓడకి చిన్న దెబ్బైనా తగల్లేదు.

పగలగొట్టించమంటే మా నాన్న, ఎప్పటికైనా నీకే పనికొస్తుందిలేరా అనేవాడు. పన్నెండేళ్లుగా ఊళ్లో నా పేరు సమాధి దైవాధీనం. ఒళ్లు మండి, ఈసారి సమాధుల పండగ వచ్చేలోపే దాని పని పట్టాలని గునపం తీసుకెళ్లాను. తీరా వెళ్తే మా పక్కింటి మార్తమ్మత్త దానికి సున్నం వేస్తోంది.

ఆవిడ కొడుకు జీవరత్నం, నేనూ కలకత్తాలో ఒకే రోజు ఓడలెక్కాం. రెండూ ఒకే కంపెనీవి, చూడ్డానికి కవల పిల్లల్లా ఉండేవి. వాడి ఓడ మళ్లీ ఏ రేవుకీ చేరలేదు. యుద్ధం అయ్యాక కంపెనీ ఆఫీసులో అడిగితే, జపాను వాళ్లు ముంచింది వాడి ఓడనేమో, పొరపాటున మీ ఓడ పేరు రాసుకున్నారేమో అన్నారు. అన్నీ ఏమోలే! వాళ్ల లెక్కలో నా ఓడ మునిగింది. మన లెక్కలో వాడి ఓడ జాడ తెలియలేదు, అంతే. వాడు పోయాడని ఏ పెద్దమనిషీ తేల్చి చెప్పలేదు.

నా సమాధితో నీకేం పనత్తా అని కసిరాను. ఏటా దాని మీద చేమంతులు పెట్టేది కూడా తనేనట. అది మా ఆవిడ పనే అనుకుని ఎన్నిసార్లు తిట్టానో పాపం. గునపం కింద పెట్టేశాను. ఈ రాయి తీయించి జీవరత్నం పేరు చెక్కిద్దాం, నేను చూసుకుంటాను అన్నాను.

ఆవిడ కుంచె ఆపలేదు.

"వద్దు నాయనా. వాడి పేరు చెక్కితే వాడు పోయినట్టే. నీ పేరుంటే నాకు ఏడ్చుకోడానికి చోటుంటుంది, నువ్వు బతికే ఉన్నావు గనక పోయినవాళ్లూ ఎవరూ ఉండరు."

నాకు ఏడుపొచ్చేసింది. కుంచె అందుకుని నా సమాధికి నేనే రెండో పూత వేశాను.