కోతల పండుగ కేసెట్టు

దెబోరా పాటను చెరిపేసినవాడు రోనాల్డే. అందులో వాదించడానికేమీ లేదు. వాడే ఒప్పుకున్నాడు కూడా. "నొక్కకూడని మీట నొక్కేశాను బావా" అన్నాడు ఆనాడు. అప్పట్నుంచి దెబోరా మొగుడు దైవాధీనం వాడితో మాట్లాడలేదు. రోనాల్డు దెబోరాకు పినతల్లి కొడుకు. అరకులో పెళ్ళిళ్ళకీ గుడి పండుగలకీ వీడియో తీసేవాడు. వాడు ఎదురైతే దైవాధీనం రోడ్డు దాటి అవతలి పక్కన నడిచేవాడు. ప్రభు భోజనం వరసలో వాడు నిలబడితే ఈయన గుడి బయటికి వచ్చేసేవాడు.

కేసెట్టు తొంభై ఆరు నాటి కోతల పండుగది, తీసింది రోనాల్డే. ఆ పండక్కి చుట్టుపక్కల విశ్వాసులు తొలి పంటను గుడికి తెస్తారు. చోళ్ళు, పసుపు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన కోళ్ళు. ఆరాధన అయ్యాక అన్నిటినీ వేలం వేస్తారు. ఆ ఏడాది కట్లు తెంచుకున్న కోళ్ళ వెనకాల దైవాధీనం గుడి చుట్టూ పరిగెడుతుంటే, లోపల దెబోరా ఒక్కతీ నిలబడి పాట పాడింది. కేసెట్లో వినొచ్చులే అనుకున్నాడు. మరుసటి కోతలకి ఆమె లేదు. ఊపిరితిత్తులు పూర్తిగా పోయాక తెచ్చారని విశాఖ ఆసుపత్రిలో కసిరారు. ఆమె పోయాక వీసీఆర్ అద్దెకు తెచ్చి కేసెట్టు వేసుకున్నాడు. దెబోరా నోరు కదిలింది, మధ్యలో సిగ్గుపడినట్టు కొంగు అడ్డం పెట్టుకుంది. గొంతు లేదు.

పదేళ్ళకి, చెరిపేసిన శబ్దాన్ని కూడా కంప్యూటరు తవ్వి తీస్తుందని జీపులో ఎవరో అన్నారు. దైవాధీనం కేసెట్టు సంచిలో పెట్టుకుని అరకు వెళ్ళాడు. అక్కడ బజారులో గాయత్రి అనే పిల్ల పాత కేసెట్లను సీడీలు చేసిస్తోంది.

"చెరిపేసింది రాదు పెదనాన్నా" అంది గాయత్రి. "మిగతాదైనా దక్కించుకో. టేపుకి బూజు పట్టేస్తోంది."

సరేనన్నాడు. సీడీ ఇచ్చింది. ఇంటికి పోయి వేస్తే మొత్తానికి మొత్తం మూగది. పాస్టరు గారి ప్రార్థన లేదు, వేలం కేకలు లేవు. మర్నాడు పొద్దున్నే దుకాణం ముందు నిలబడ్డాడు.

"ఏటి సేసినావు గుంటా? ఒక ముక్క లేదని తెత్తే అంతా మింగేసినావు!"

"ఉండు పెదనాన్నా, సూత్తాను. బేగి కోపం తెచ్చుకోకు."

"నాకు కోపం కొత్తగా తేనక్కర్లేదు."

గాయత్రి వైర్లు పీకి మళ్ళీ గుచ్చింది. వైరు మార్చింది. లాభం లేదు. ఎవరిదో పెళ్ళి కేసెట్టు వేసింది, అదీ మూగదే. అప్పుడు కంప్యూటరులో వెతికితే, బయటి నుంచి వచ్చే శబ్దాన్ని ఆపేసే గడిలో టిక్కు పడి ఉంది. తీసేయగానే పెళ్ళి డోలు గుయ్యిమంది.

"తప్పు నాదే" అని నాలిక కరుచుకుంది.

దైవాధీనం కేసెట్టు మళ్ళీ వేసింది. కోళ్ళు అరిచాయి. పాస్టరు గారు ప్రార్థన చేశారు. దెబోరా లేచి నిలబడింది. నిశ్శబ్దం.

"సూసినావా? ఇది నీ టిక్కు కాదు. ఇది రోనాల్డు."

ఇంతలో తెర మీద చారలు లేచి బొమ్మ పోయింది. టేపు బూజు గాయత్రి మిషనులో టేపును చదివే తలకు అంటుకుంది. దూదితో తుడిచినా లాభం లేకపోయింది. ఆమె విసుక్కుంటూ పక్క వీధి హోటలు వాళ్ళ దగ్గర ఒక పెద్ద వీసీఆర్ అడిగి తెచ్చింది. బూజు మెల్లగా తుడిచి, కేసెట్టు అందులో వేసింది.

దెబోరా లేచి నిలబడింది. పాడింది.

గాయత్రి ఉలిక్కిపడి కుర్చీ వెనక్కి జరిపింది. దైవాధీనం కదల్లేదు.

గాయత్రి తర్వాత చెప్పింది. కొన్ని పెద్ద కెమెరాలు శబ్దాన్ని రెండు చోట్ల రాస్తాయట. టేపు అంచున ఒకటి, బొమ్మతో కలిపి లోపల ఒకటి. తర్వాత చెరిపితే అంచుది మాత్రమే పోతుంది. మామూలు మిషన్లు అంచునే చదువుతాయి, హోటలు వాళ్ళ పెద్దది లోపలిది కూడా చదివింది. లోపలిది మిగిలిందని చెరిపినవాడికి కూడా తెలిసి ఉండదు.

దైవాధీనానికి అదేమీ ఎక్కలేదు. పాట రెండో చరణంలో తెగింది. దెబోరా దగ్గింది. కొంగు నోట్లో కుక్కుకుని కెమెరా వైపు వచ్చింది. బొమ్మ నేల వైపు తిరిగిపోయింది. మాటలు మాత్రం వినబడుతున్నాయి.

"తమ్ముడూ, ఈ పాటంతా గొంతు తీసెయ్యి, దగ్గు ఇనబడకూడదు."

"ఏటక్కా ఆ దగ్గు? కొంగుకి రగతం..."

"గట్టిగా అనకు. మీ బావ ఇన్నాడంటే కాఫీ తోట తాకట్టెట్టేసి నన్ను విశాఖ లాక్కుపోతాడు. ఇంకా కాపుకే రాలేదది. కాపొచ్చాక నేనే సెప్తాను. నువ్వు సెప్పనని మాటియ్యి."



"సరేనక్కా."

"ఆపు" అన్నాడు దైవాధీనం.

గాయత్రి ఆపింది. "పాట వరకే ఉంచి, మిగతాది కోసెయ్యనా పెదనాన్నా?"

"కొయ్యకు. ఇప్పటికి కోసింది సాలు. ఉన్నదున్నట్టు రాయి."

కాఫీ తోట ఏటా కాస్తూనే ఉంది. కిందటి వారమే పండు కోయించాడు.

సీడీ పట్టుకుని జీపు స్టాండుకి వచ్చాడు. తన ఊరివైపు పోయే హుకుంపేట జీపు పక్కనే రోనాల్డు నిలబడి ఉన్నాడు. జుట్టు నెరిసింది. బావని చూసి వాడే పక్కకి తప్పుకోబోయాడు. దైవాధీనం ఈసారి రోడ్డు దాటలేదు.

"నీకు తెలుసు" అన్నాడు. "కొంగుకి రగతం సూసినావు."

రోనాల్డు వెనక్కి తిరిగాడు. "ఎవరు సెప్పారు బావా?"

"మీ అక్కే సెప్పింది. గొంతు వచ్చింది."

"నాకు మాటియ్యమంది బావా..."

"ఇచ్చినావు. నిలబెట్టుకున్నావు. మీ అక్కని పూడ్చాక కూడా నిలబెట్టుకున్నావు. నాకు ఆ పండగ రోజే సెప్పుంటే సాలేది."

"తిట్టు బావా. ఇన్నాళ్ళూ మనసులో తిట్టుకున్నావు కదా."

"ఇన్నాళ్ళూ పాట సెరిపావని తిట్టుకున్నాను. అది తప్పు తిట్టు. ఇప్పుడు సరిగ్గా తిట్టాలంటే సగం మీ అక్కని తిట్టాలి. నాకు నోరు రాదు."

డ్రైవరు హారను కొట్టాడు. దైవాధీనం ముందు సీటెక్కి తలుపు లాక్కున్నాడు. రోనాల్డు ఇంకా కిటికీ పట్టుకునే ఉన్నాడు.

"బావా, ఒక్క మాట..."

"సెయ్యి తియ్యి. మన్నించానని అనుకోకు. ఈ సంగతి నీతో గానీ, పాస్టరుతో గానీ, ఎవరితో గానీ ఇంక నేనెత్తను. నువ్వూ నా దగ్గర ఎత్తకు."