పచ్చరాయి పొదగాల్సిన చెయ్యి

ఆసుపత్రి క్యాంటీన్‌లో వంట చేసే ఆమెను అందరూ అయ్యోమ్మ అంటారు. పాలు పొంగకముందే అయ్యో అంటుంది గనక. కూతురు పది నిమిషాలు ఆలస్యమైతే చాలు, ఏ లారీ కింద పడిందోనని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని గుమ్మంలో నిలబడుతుంది.

"నన్ను ఇప్పటికి వెయ్యిసార్లు చంపావమ్మా" అని కూతురు నవ్వేది.

కూతురిది నగలకు రాళ్ళు పొదిగే పని. పన్నెండేళ్ళుగా ఒకే పనిబల్ల, ఒకే కుర్చీ. ఆ వేళ్ళను దారిలో పెట్టింది మాత్రం అయ్యోమ్మే. చిన్నప్పుడు క్యారెట్ ముక్కలు ఒక్కతీరుగా రాకపోతే మళ్ళీ కోయించేది. "ఒకటి లావు, ఒకటి సన్నం అయితే సగం ఉడికి సగం పచ్చిగా ఉంటాయి. తినేది రోగి అనుకుని కొయ్యి" అనేది.

ఆ ఆదివారం కూతురు కోసిన ముక్కలు చూస్తే ఎలక కొరికినట్టున్నాయి.

"బుజ్జీ, కూరలో చిటికెడు ఉప్పు వెయ్యవే."

వేసింది. సగం ఉప్పు పొయ్యి మీద రాలింది. రాలినట్టు ఆ పిల్లకు తెలియను కూడా తెలియలేదు.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది అయ్యోమ్మ.

"ఏంటి?"

"నా దగ్గరా దాపరికం? నీ కుడిచేతి ఆ రెండు వేళ్ళకీ స్పర్శ లేదు."

కూతురు చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఐదు నెలలు. నరం నలిగిందట. బాగవుతుందో లేదో డాక్టరు చెప్పలేనన్నాడు."

"మీ యజమానికి చెప్పావా?"

"బుధవారం టీచరమ్మ ఉంగరం పొదగాలి. మాటిచ్చాను. అది అయ్యాక చెప్తాను."

పై వీధి టీచరమ్మ. పోయిన కూతురి చెవికమ్మల్లో మిగిలిన ఒక్క పచ్చరాయినీ ఉంగరంలో పెట్టించుకుంటోంది. రాయి లోపల వెంట్రుకంత బీట ఉంది. కొంచెం తేడాగా నొక్కితే రెండు ముక్కలు.

"పగిలితే ఆ తల్లికి ఏం చూపిస్తావే?"

"పగలదు. ఈ ఒక్కసారికి నన్ను నమ్మి ఊరుకో."

ఊరుకోవడం అయ్యోమ్మకు చేతనైతే కదా. రెండు రోజులు కాలు కాలిన పిల్లిలా తిరిగింది. ఉల్లిపాయ పొర ఒలిచినా రాయి విరిగినట్టే వినిపించింది. బుధవారం పొద్దున్నే, కూతురి కంటే ముందు, యజమాని దగ్గరికెళ్ళి ఉన్నదంతా చెప్పేసింది.

కూతురు వచ్చేసరికి యజమాని రాయి పొట్లాన్ని పక్కబల్ల పనివాడికి ఇస్తున్నాడు. కూతురు తల్లిని చూసింది. సొరుగులోంచి అట్టపెట్టె తీసి ఆయన ముందు పెట్టింది. అందులో రాగి ఉంగరాలు, వందకు పైగా. అన్నిటికీ గాజు రాళ్ళే. కొన్ని వంకరగా, కొన్ని చక్కగా పొదిగినవి.

"ఎడమచేత్తో చేసినవి. చివరివి చూడండి సార్."

ఆయన భూతద్దం పెట్టి ఒక్కొక్కటే తిప్పి చూశాడు. చాలాసేపే చూశాడు.

"పని బాగుందమ్మా. కానీ ఇప్పుడు నాకు తెలిసిపోయింది. రేపు ఏదైనా అయితే తెలిసీ ఎలా ఇచ్చావంటారు. ఎవరూ చెప్పకపోయుంటే ఉంగరం చూసేవాణ్ణి, చెయ్యి చూసేవాణ్ణి కాదు. మెరుగు పెట్టే పనిలో కూర్చో."

బయటికొచ్చాక అయ్యోమ్మ సగం వీధి దాకా కూతురి వెనకే నడిచింది.

"ఎడమచేత్తో అని నాతో ఒక్కమాట అనుంటే..."

"అంటే అయ్యో అనేదానివి. నీ అయ్యో వింటే నా చెయ్యి వణుకుద్దమ్మా. కత్తిపీట ముందు కూర్చున్నప్పటి నుంచీ అంతే."

"నీ మంచికేనే..."

"తెలుసు." కూతురు ఆగింది. "ఉంగరం నేను పొదగట్లేదని టీచరమ్మకి మాత్రం నువ్వే చెప్పు. నేను చెప్పలేను." అనేసి పనిలోకి వెనక్కి వెళ్ళిపోయింది.

అయ్యోమ్మ పై వీధికి నడిచింది. దారంతా మాటలు కూర్చుకుంది, పారేసింది, మళ్ళీ కూర్చుకుంది. బెల్లు నొక్కింది.

తలుపు తీసిన టీచరమ్మ ఆమెను చూడగానే చేతికున్న తడి చీరకు తుడుచుకుంది.

"అప్పుడే అయిపోయిందా? మీ అమ్మాయి పంపిందా?" అంటూ వేళ్ళు చాపింది.