దొండాకుతో తుడిచిన పలక

పలక మీది రాత పోయిన రోజు గురువారం. మధ్యాహ్నం బడి వదిలి, రొట్టె తినడానికి ఇంటికొచ్చిన శివన్న అయ్యవారికి గడప దగ్గరే ఆయన కవల పిల్లలు మాబున్న, పీరమ్మ ఎదురొచ్చారు. ఇద్దరి చేతులూ పచ్చగా ఉన్నాయి, మూతులూ పచ్చగా ఉన్నాయి. పలకను చెరో పక్క పట్టుకుని, నిండు కుండను మోసుకొచ్చినంత జాగ్రత్తగా తెచ్చి ఆయన పాదాల దగ్గర పెట్టారు.

"నాయనా, తుడిచినాం!" అంది పీరమ్మ.

"బాగ తుడిచినాం!" అన్నాడు మాబున్న. చెల్లెలు అన్నదానికి ఒక మాట కలిపి అనడం వాడి అలవాటు.

పలక నల్లగా మెరిసిపోతోంది. దొండాకు నలిపి తుడిస్తే పలక ఎంత నిగనిగలాడుతుందో పదిహేనేళ్ళుగా బడి పిల్లలకు చెబుతున్నది ఆయనే.

ఆ పలక ఆయన భార్య రామలక్ష్మమ్మది. ఎనిమిది నెలల కింద చలిజ్వరంతో మంచం పట్టి పోయేముందు ఆమె దాని మీద మ గుణింతం మొదలుపెట్టింది. మ, మా, మి, మీ. ఆ తర్వాతది సగంలో ఆగింది. ఆయన ఆ పలకను గోడగూట్లో, పిల్లల చేతికి అందనంత ఎత్తున పెట్టి, రోజూ బడికి పోయేముందు ఒకసారి చూసి పోయేవాడు. దుమ్ము పడినా గుడ్డ తగలనిచ్చేవాడు కాదు, ఉఫ్ అని ఊదేవాడు. ఇప్పుడు గూటి కింద రొట్టెల గంప బోర్లించి ఉంది. గంప మీద పీట. దాని మీద నిలబడితే మూడేళ్ళు నిండని పిల్లలకు గూడు అందుతుందని ఆయన లెక్క వెయ్యలేదు.

ఆయన పిల్లల్ని కొట్టలేదు, తిట్టలేదు. పలకను తీసి మంచం కిందికి తోశాడు. రొట్టె ముట్టకుండానే బడికి తిరిగిపోయాడు. ఆ సాయంత్రం రాజంపేటలో ఉన్న అత్త, రామలక్ష్మమ్మ తల్లి భీమక్కకు కార్డు రాశాడు. "మీరు అడిగినట్టే పిల్లల్ని తీసుకుపోండి. నా వల్ల కావడం లేదు." భీమక్క ఆ మాట ఇప్పటికి మూడుసార్లు అడిగించింది. మూడుసార్లూ ఆయన జవాబు రాయలేదు.

కావడం లేదన్నది అబద్ధమేమీ కాదు. తొమ్మిదేళ్ళు పిల్లలు లేక, పీర్ల చావిడిలో మొక్కుకుంటే పుట్టిన బిడ్డలని వాళ్ళకు ఆ పేర్లు పెట్టారు. మొక్కుకున్నప్పుడు ఒక్కరినే అడిగామని, పీరుస్వామి ఉదారంగా ఇద్దరినిచ్చాడని రామలక్ష్మమ్మ నవ్వేది. ఆమె పోయాక పగటిపూట వాళ్ళను పక్కింటి బషీరాబీ చూసుకుంటోంది. పాత చీరలతో బొంతలు కుట్టే ముసలామె. ఆమె సూదిలో దారం ఎక్కించేలోపల ఒకరు కోళ్ళ గూడు తెరిచేవారు, ఇంకొకరు జొన్నపిండిలో చెంబెడు నీళ్ళు కుమ్మరించేవారు. ఒకర్ని పట్టుకుంటే రెండోవారు వీధిలో ఉండేవారు. బలపాలు బెల్లం ముక్కల్లా నమిలేవారు.

వీటికి తోడు బడి హాజరు ఒకటి. బడికీ బషీరాబీ వాకిలికీ నడుమ ఒక్క మట్టిగోడే అడ్డం. అయ్యవారు ఇక్కడ పేరు పిలిస్తే, ఎవరి పేరైనా సరే, గోడ అవతలి నుంచి రెండు గొంతులు "ఉండా!" అనేవి. ఊళ్ళో లేని పిల్లవాడికి కూడా ఆయన రెండుసార్లు హాజరు వేసి, తర్వాత దిద్దుకోవలసి వచ్చింది.

ఒంటిమిట్ట తిరునాళ్ళు చూసుకుని, రైలూ బస్సూ ఎద్దులబండీ మారి భీమక్క వచ్చింది. మరునాడు పొద్దున్నే ప్రయాణమని, పిల్లల బట్టలు మూట కట్టడానికి కూర్చుంది. ఆమె ముడి వేస్తే పీరమ్మ విప్పింది. మళ్ళీ వేస్తే మాబున్న సగం తిన్న రొట్టె అందులో పెట్టాడు. మూడోసారి మూటలోంచి కోడిపిల్ల అరిచింది.

"ఏమప్పా శివన్నా, ఈళ్ళు పిల్లోల్లా, కోతులా?" అంది భీమక్క, ముక్కు మీద వేలేసుకుని.

"రేపటి నుంచి మీకే తెలుస్తాది అత్తా," అన్నాడు ఆయన. నవ్వలేదు.

ఆమె కోడిపిల్లను వాకిట్లో వదిలి వచ్చేసరికి ఇంట్లో పిల్లలు లేరు. ధాన్యం గాదె వెనక చూశారు, లేరు. శివన్న నీళ్ళ తొట్టి మూత లాగి పారేసి చూశాడు. అందులోనూ లేరు. కేక విని బషీరాబీ సూది చేతిలోనే పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"యాడికి పోతారప్పా, ఇప్పుడే గదా నా దొండపాదు ఆకులు పీక్కొని ఇట్ల ఉరికినారు!"

భీమక్క నడుమింట్లో కూలబడింది. "రామలక్ష్మమ్మా! ఎట్లాంటి బిడ్డల్ని కన్నావే తల్లీ!" అని గొంతెత్తింది.

"ఉండా!" అన్నాయి మంచం కింద రెండు గొంతులు.

శివన్న వంగి చూశాడు. మంచం కింద ఇద్దరూ బోర్లా పడుకుని, నడుమ పలక పెట్టుకుని, దొండాకులు నలిపి తుడుస్తున్నారు. రాత ఏమీ లేని పలకనే చెమటలు కారేలా తుడుస్తున్నారు.

"ఎందుకు తుడుస్తాండారు?" అన్నాడాయన. ఆ గురువారం నాడు అడగని మాట అది.

"అమ్మ రాస్తాది," అంది పీరమ్మ, పని ఆపకుండా.

"తుడిస్తే రాస్తాది," అన్నాడు మాబున్న.

శివన్న బషీరాబీ వైపు చూశాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నీకు తెల్దా అయ్యోరా? నువ్వు బడికి పోతానే ఆయమ్మ పలక తీసుకునేది. ఈళ్ళిద్దరి చేతికీ ఆకిచ్చి, తుడవండి నాయనా, మీరు తుడిస్తేనే నాకు రాత వస్తాది అనేది. రోజూ తుడిచిందే, రోజూ రాసిందే. ఒక దినమన్నా నిన్నటి రాత మిగల్నిచ్చిందా ఆయమ్మ! సక్కగ రాలేదని తుడిపించేసేది."

శివన్న నేల మీదే కూర్చుండిపోయాడు. ఆమె ఉన్నన్నాళ్ళూ మరునాటిదాకా నిలవనివ్వని రాతను ఆయన ఎనిమిది నెలలు కాపలా కాశాడు. పిల్లలకు తల్లి ముఖం గుర్తుందో లేదో ఆయనకు తెలియదు. ఆమె అప్పజెప్పిన పని మాత్రం వాళ్ళు మరిచిపోలేదు. రాజంపేటలో ఆ పలకా ఉండదు, ఆ పాదూ ఉండదు. అది వాళ్ళమ్మ పలకని చెప్పేవాళ్ళూ ఉండరు.

"అత్తా," అన్నాడు. "బిడ్డలు ఈడే ఉంటారు. కార్డు రాసి పిలిపించి తప్పు చేసినా."

భీమక్క కళ్ళు తుడుచుకుంది. మూట వైపు చూసింది. మంచం కింది నుంచి వచ్చిన పీరమ్మ అప్పటికే దాన్ని మళ్ళీ విప్పేసింది.

"నీకు చేతనయితాదా?"

"చేతకాదు. అయినా ఉంటారు."

"మగోనివి, బడి ఒక పక్క, ఈళ్ళొక పక్క. నేనొక్కదాన్నే తీసకపోయినా వారానికి సచ్చేదాన్ని లే," అంది భీమక్క. "ఏమ్మా బీబీ, ఈళ్ళను పట్టాలంటే ఎంతమంది కావాల?"

"సిపాయీల పల్టనే గావాల," అంది బషీరాబీ.

భీమక్క నవ్వింది. కూతురు పోయాక అల్లుడి ఎదుట ఆమె నవ్వడం అదే మొదలు. వానలు పడేదాకా తానూ ఇక్కడే ఉంటానని, ఆ తర్వాతి సంగతి ఆ తర్వాత చూద్దామని, తన బట్టల మూట విప్పి దండెం మీద వేసుకుంది. అందులోంచి ఇంకో రొట్టె ముక్క రాలింది.

ఇప్పుడు పలక కింది గూట్లో, పిల్లల చేతికి అందేచోట ఉంటుంది. పొద్దున్నే వాళ్ళు తుడుస్తారు, శివన్న దాని మీద ఏదో ఒకటి రాస్తాడు. ఒకరోజు కోడి బొమ్మ, ఒకరోజు అ. మరునాటికి అది ఉండదు. బడిలో పేర్లు పిలిచేటప్పుడు గోడ అవతలి నుంచి "ఉండా!" వినబడుతుంది. ఇప్పుడు మూడో గొంతు, భీమక్కది, వాళ్ళను గదమాయిస్తుంది కూడా.

పలక పట్టిన మొదటిరోజు రామలక్ష్మమ్మ ఆయనను ఒకటే అడిగింది, తన పేరు రాయడం నేర్పమని. గుణింతాలు కానీ, వత్తులు రానీ, పేరు చివర నేర్పుతానన్నాడు ఆయన. బడిలో అందరికీ చెప్పే వరస అదే; ఆమె మ గుణింతం దగ్గరే ఆగిపోయింది.

ఆ పేరు శివన్న ఇంకా పలక మీద రాయలేదు.