ఎదిగే పిల్లకి వదిలిన గుడ్డ

ఆ పిల్లకి వసపిట్ట అని పేరు పెట్టింది పిన్నే. రెండేళ్ళ క్రితం వాళ్ళమ్మ పరాయి దేశంలో ఎవరి పసిబిడ్డనో సాకే పనికి వెళ్తూ పిల్లని చెల్లెలి చేతిలో పెట్టింది. అప్పట్లో ఆ పిల్ల పిన్ని బట్టలు కుట్టే కొట్లో కూర్చుని, కుట్టుమిషను చప్పుడుకి పోటీగా పొద్దస్తమానం వాగేది. ఇప్పుడు నోట్లో నాలుక లేనట్టయిపోయింది. పెద్దదవుతోంది, బుద్ధి వచ్చిందనుకుంది పిన్ని. పిల్లలు నోరు మూసుకుంటే బుద్ధి వచ్చిందనుకోవడం మనకి అలవాటే కదా.

ఆదివారం ఆదివారం తల్లి ఫోను చేసేది. ఫోను మోగే ముందు పిన్ని ఒకటే మాట చెప్పేది, ఏడుపుమొహం పెట్టకు, అమ్మకి అక్కడ చెయ్యాడదు అని. పిల్ల నవ్వేది. అటు తల్లీ నవ్వేది. ఫోను పెట్టేశాక ఇద్దరూ చెరో దేశంలో మొహాలు కడుక్కునేవారు. ఈ నాటకం ఆడిస్తున్నది తనేనని పిన్నికి తెలియదు.

కొంతకాలంగా పిల్ల తన వస్తువులన్నీ పంచిపెడుతోంది. రంగులడబ్బా పక్కింటి పాపకిచ్చింది. తల్లి పంపిన చేతిగడియారం స్నేహితురాలికిచ్చింది. ఒకప్పుడు పెన్సిలు ముక్క కూడా ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు. మా పిల్లది ఎంత పెద్ద చెయ్యో చూశారా అని కొట్టుకొచ్చినవాళ్ళందరికీ చెప్పుకుని పిన్ని మురిసిపోయింది.

ఒక మధ్యాహ్నం, తల్లి పంపిన గుడ్డతో గౌను కుడదామని పిల్లకి కొలతలు తీస్తోంది. ఎదిగే పిల్లలకి కింద అంచు లోపల నాలుగు వేళ్ళ గుడ్డ మడిచి వదులుతారు, పొడుగైనప్పుడల్లా విప్పుకోవచ్చు. పిన్ని ఆ మడత లెక్క పైకే చెప్పుకుంటుంటే పిల్ల మెల్లగా నోరు విప్పింది.

"లోపల గుడ్డ వదలొద్దు పిన్నీ. దండగ."

"వచ్చే ఏడాదికి పొట్టిదైపోదూ?"

"వచ్చే ఏడాదికి అక్కర్లేదులే."

పిన్ని చేతిలో టేపు ఆగిపోయింది. రంగులడబ్బా, గడియారం, ఆ మౌనం, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. ఇన్నాళ్ళూ మురిసిపోయినందుకు తన చెంప తనే పగలగొట్టుకోవాలనిపించింది. అవేం మాటలే, నోరు ముయ్యి అని గొంతుదాకా వచ్చింది. మింగేసి, షట్టరు సగం దించి, పిల్ల ఎదురుగా నేలమీద చతికిలపడింది.

"చచ్చిపోవాలనిపిస్తోందా నీకు?"

పిల్ల తలూపింది. తర్వాత మాటలొచ్చాయి, ముందు ముక్కలు ముక్కలుగా, ఆ తర్వాత ఆగకుండా. తన చదువు కోసమేగా అమ్మ వెళ్ళింది. తను లేకపోతే అమ్మకి ఆ చాకిరీ ఉండదుగా, హాయిగా వచ్చెయ్యొచ్చుగా. పదమూడేళ్ళ బుర్ర ఒంటరిగా కూర్చుని వేసుకున్న లెక్క అది.

"నువ్వు లేకపోతే మీ అమ్మ వచ్చేది ఎవరి దగ్గరికే?" అంది పిన్ని. పిల్లని ఒళ్ళోకి లాక్కుంది.

ఆదివారం కాకపోయినా అప్పుడే అక్కకి ఫోను చేసింది. ఆ రోజు ఎవరూ నవ్వలేదు. తల్లీకూతుళ్ళు రెండేళ్ళ బాకీ ఏడుపు ఏడ్చారు. ఆ రాత్రి పిన్ని పిల్లని వదిలి కదల్లేదు. మర్నాడు ఆసుపత్రిలో పిల్లలతో మాట్లాడే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. అంత మొహంమీద అడిగి లేని ఆలోచన రేపానేమోనని భయపడితే, మీరు అడిగారు కాబట్టే చెప్పుకోగలిగింది అందావిడ.

తెల్లారేసరికి అంతా బాగైపోలేదు. కొన్ని పూటలు పిల్ల మంచం దిగేది కాదు. అలా ఉన్నప్పుడు దాచకుండా పిన్నికి చెప్పాలని మాట, చెప్పేది. తల్లి ఇప్పుడు రోజూ ఫోను చేస్తోంది. ఏడుపొస్తే ఏడుస్తున్నారు, కోపమొస్తే పోట్లాడుకుంటున్నారు. సెలవు దొరికింది, వేసవికి వస్తానంది. పిల్ల వెళ్ళి పక్కింటి పాపని రంగులడబ్బా తిరిగిమ్మని అడిగితే, సిగ్గుపడాల్సింది పోయి పిన్ని సంబరపడింది.

ఒక సాయంత్రం పిల్ల తనే టేపు మెడలో వేసుకుని మిషను దగ్గరికొచ్చింది.

"లోపల ఎంత వదులుతావు పిన్నీ?"

"నాలుగు వేళ్ళు."

"ఆరు వదులు. అమ్మ వచ్చి మళ్ళీ వెళ్ళాక కూడా వేసుకోవాలిగా."

గుడ్డ చాలదే వసపిట్టా అని గొణుగుతూనే పిన్ని, తనకని దాచుకున్న గుడ్డలోంచి ఒక పట్టీ కత్తిరించి అంచుకి అతికించింది. రంగు కలవలేదు, విప్పినప్పుడు కనిపిస్తుందంది. కనిపించనీ అంది పిల్ల, ఆ తర్వాత మిషను చప్పుడుకి పోటీగా స్కూలు కబుర్లేవో మొదలుపెట్టింది.