గలాతియా పన్నెండు తలుపులు

గ్రీసు దేశంలో మా పేరమా రేవు కొండ మీద ఏ ఇంట్లోకి వెళ్లినా ఓడ ముక్క ఒకటి కనిపిస్తుంది. కింద యార్డులో పాత ఓడలకు కొత్త సోకులు చెయ్యడమే మా అందరి పని. లోపలి సామాను ఊడదీశాక ఫోర్‌మన్ ఒక కేక వేసేవాడు, లారీ వచ్చేలోగా ఎవరికి కావలసింది వాళ్లు పట్టుకుపోండని. అలా వచ్చిన ఇత్తడి కమ్మీయే మా కాఫీ హోటల్లో చేతులు ఆనించుకునే కమ్మీ. మంగలి సోతిరిస్ కొట్లో అద్దం ఒకప్పుడు ఏ దొరసాని మొహం చూసుకున్నదో. మా అమ్మ వంటింటి కిటికీ గుండ్రంగా ఉంటుంది.

వాటిలో ఎక్కువ భాగం గలాతియా అనే ఓడవి. నేను కరెంటు పనివాణ్ణి, ఆ ఓడకు రెండుసార్లు వైర్లు మార్చాను. కానీ నేను చెప్పబోయేది మా అత్త స్టమాటియా సంగతి, వడ్రంగి మేస్త్రి పాండెలిస్ సంగతి.

గలాతియాను స్కాట్లండులో కట్టారు. ఆస్ట్రేలియాకు వలస పోయేవాళ్లను కొన్నాళ్లు మోసింది. అరవై నాలుగులో మా వైపు షావుకారు ఒకాయన దాన్ని కొని, దీవుల మధ్య విహారానికి తిప్పాలని పేరమాకు తెచ్చాడు. అప్పుడు అత్తకు ముప్పై మూడేళ్లు. కుర్చీలకు గుడ్డలు తొడగడం, కర్టెన్లు కుట్టడం ఆమె పని. క్యాబిన్లన్నీ మార్చేశారు కానీ లైబ్రరీ జోలికి మాత్రం ఎవరూ పోలేదు. అక్కడ గోడ బీరువాలకు అక్రోటు చెక్కతో చేసిన పన్నెండు పొడవాటి తలుపులుండేవి. ఒక్కో తలుపు మీద రంగురంగుల చెక్కముక్కలు పొదిగి ఒక్కో పక్షిని తీర్చారు. గుడ్లగూబ, బాతు, కొంగ, పిచ్చుక, ఇలా. వాటికి తగ్గట్టుగా ముదురాకుపచ్చ వెల్వెట్ కర్టెన్లు కుట్టింది అత్త.

డెబ్భై మూడులో కాలం మారింది. పుస్తకాలు చదవడానికి ఎవడైనా ఓడెక్కుతాడా అని షావుకారు లైబ్రరీని డాన్సు హాలు చెయ్యమన్నాడు. గోడలకు సన్‌మైకా, మెరిసే అల్యూమినియం, నారింజ రంగు కుర్చీలు. నాలుగు నెలలపాటు నారింజ గుడ్డ కుట్టీ కుట్టీ, కళ్లు మూసుకున్నా అదే రంగు కనిపించేదని అత్త చెప్పేది. తలుపులను కోసి పారెయ్యమని పాండెలిస్‌కు పురమాయించారు. ఆయనకు చేతులు రాలేదు. పన్నెండుమంది పనివాళ్లను పిలిచి తలా ఒకటీ ఇచ్చి, ఒకే ఒక్క మాట తీసుకున్నాడు: మీ గుమ్మాలు పొట్టివి, కావాలంటే గోడ పగలగొట్టుకోండి గానీ తలుపును మాత్రం కొయ్యకండి.

పదకొండుమంది గోడలు పగలగొట్టుకున్నారు. పన్నెండోవాడు మా ఫోటిస్ మామయ్య, అత్త భర్త. ఆయన గుమ్మం పైన రాతి దూలం ఉంది. రెండు రోజులు సుత్తి పట్టుకుని దాన్ని చూసి చూసి, మూడో రోజు తలుపునే అడుగున జానెడు కోసేశాడు. ఆయన వంతుకు వచ్చింది కొంగ. దాని కాళ్లు పోయాయి.

ఆ ఆదివారం పాండెలిస్ కాఫీకి వచ్చి తలుపు చూశాడు. కప్పు ముట్టుకోకుండా లేచి వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి ఆ ఇంటి మనుషులతో మాట బంద్. మామయ్య పోయినప్పుడు వచ్చి, గేటు బయట టోపీ తీసి నిలబడి వెళ్లాడు, అంతే.

అయినా పని ఇద్దరినీ ఒకే గదిలోకి తెచ్చేది. ఎనభై ఆరులో నారింజంతా పీకేసి గులాబీ, బూడిద రంగులు, ఎటు చూసినా అద్దాలు పెట్టారు. తొంభై ఎనిమిదిలో అదీ పోయి, బంగారు చుక్కల నీలం తివాచీ, జూదం మిషన్లు వచ్చాయి. ఆ రెండుసార్లూ వాళ్ల మధ్య టెలిఫోన్ తీగను నేనే. కిటికీ వెడల్పు ఎంతో మేస్త్రిని అడగమని అత్త నాకు చెప్పేది. కళ్లున్నాయిగా, కొలుచుకోమని చెప్పు అని మేస్త్రి నాకే చెప్పేవాడు. వాళ్ల మధ్య దూరం రెండు గజాలు.

రెండువేల మూడు చలికాలంలో గలాతియా మళ్లీ పేరమాకు వచ్చింది. ఈసారి లోపలి అలంకరణ చూసేది ఏథెన్స్ అమ్మాయి, దనాయి. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. స్కాట్లండు నుంచి, మా షావుకారు ఇంటి నుంచి పాత ఫొటోలు తెప్పించి, లైబ్రరీని మొదట ఉన్నట్టే మళ్లీ నిలబెట్టాలని ఓడ కంపెనీని ఒప్పించింది. అలాంటి తలుపులు ఈ రోజుల్లో ఎవరు చెయ్యగలరని కాఫీ హోటల్లో ఫొటో చూపించి అడిగింది. హోటలంతా ఒక్కసారి నవ్వింది. పాపం, ఆ పిల్ల మొహం ఎర్రబడింది. హోటలాయన ఆమె చెయ్యి పట్టుకుని వెనక సామాన్ల గదికి తీసుకెళ్లాడు. ఆ గది తలుపు మీద గుడ్లగూబ ఉంది. దనాయి దాన్ని ఒకసారి తడిమి, అక్కడే ఉల్లిపాయల బస్తా మీద కూలబడింది.

రెండు రోజులు కొండంతా ఎక్కి దిగి పదకొండు తలుపులు పట్టుకుంది. ఇన్నేళ్లలో గుమ్మం నుంచి ఊడి ఒకటి కోళ్లగూటికి చేరింది. ఒకటి నాలుగు కాళ్లు బిగించుకుని భోజనాల బల్ల అయింది. అన్నిటికీ పక్షులు భద్రంగానే ఉన్నాయి. ఇవ్వమంటే మాత్రం ఒక్కరూ అవుననలేదు, కాదననూ లేదు. ఆ సాయంత్రం అందరూ హోటల్లో చేరి గొణుక్కుంటుంటే మా అత్త లేచింది.

“చూడు తల్లీ, నలభై ఏళ్లు ఆ ఓడకు బట్టలు కట్టాను,” అంది దనాయితో. “లంగరు వేసి ఉన్న ఓడనే చూశాను గానీ, అది కదులుతుంటే ఒక్క పూట కూడా లోపల లేను. ఇక్కడున్న ఎవరూ లేరు. తలుపులు తీసుకెళ్లు. వాటితోపాటు మమ్మల్నీ తీసుకెళ్లు.”

హోటల్లో అందరూ ఒకేసారి మాట్లాడారు. దనాయి బయటికెళ్లి ఫోన్ చేసి, చాలాసేపటికి తిరిగొచ్చింది. తలుపులిచ్చే పన్నెండు ఇళ్లవాళ్లూ మొదటి ప్రయాణంలో నాలుగు రోజులు ఓడ అతిథులని చెప్పింది.

మిగిలింది అత్త తలుపు. తలుపులన్నీ బాగుచేసి బిగించే పనికి పాండెలిస్‌నే ఒప్పించింది దనాయి. డెబ్భై ఆరేళ్లొచ్చినా ఆయన చేతులు వణికేవి కావు. కొంగ దగ్గరకు వచ్చేసరికి మాత్రం, ఆ ఇంటికి నేను రాను, తలుపునే నా కొట్టుకు పంపించండి అన్నాడు. నా గుమ్మం దాటించాలంటే ఆయనే వచ్చి విప్పుకోవాలని అత్త కబురు పంపింది. కబురు మోసింది నేనే. మూడు రోజులు అటూ ఇటూ తిరిగాక విసుగొచ్చి, మీ ఇద్దరి మధ్య నాకు మోకాళ్లు అరిగిపోయాయి, ఇక మీ ఇష్టం అనేశాను. మర్నాడు పొద్దున్నే మేస్త్రి పనిముట్ల సంచీ భుజాన వేసుకుని అత్త ఇంటి మెట్లెక్కాడు.

అత్త కాఫీ, చిన్న పళ్లెంలో పుల్లచెర్రీ పాకం పెట్టింది. ఆయన వాటివైపు చూడలేదు. తలుపు ముందు కూర్చుని, కొంగ కడుపు దాకా వేలు పోనిచ్చి, అక్కడ ఆగిపోయాడు.

“కాళ్లు?” అన్నాడు.

ముప్పై ఏళ్ల తర్వాత ఆయన అత్తతో అన్న మొదటి మాట అది. అత్త లోపలికెళ్లి తన ఇస్త్రీ చెక్క పట్టుకొచ్చింది. మందపాటి కంబళి గుడ్డ చుట్టి కుట్టేసిన పలక అది, నా చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. కత్తెరతో ఆ కుట్లు ఒక్కొక్కటే తెంపింది. లోపల జానెడు వెడల్పు అక్రోటు చెక్క, దాని మీద రెండు సన్నని పసుపు కాళ్లు, కింద నీళ్ల గీతలు. ఎండ తగలక, నీళ్లు తగలక, తలుపు కంటే అదే నిగనిగలాడుతోంది.

మేస్త్రి దాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు. “ఇన్నాళ్లూ నీ దగ్గరే ఉందా?”

“ఉంది.”

“చెప్పొచ్చుగా, స్టమాటియా.”

“నువ్వు మాట్లాడితేగా, మేస్త్రీ.”

“ఫోటిస్ పొయ్యిలో పెట్టుంటాడనుకున్నా.”

“పెడతాననే అన్నాడు. నేను పెట్టనిచ్చానా. ఆ ఓడ కర్టెన్లన్నీ దీని మీదే ఇస్త్రీ చేశా. నారింజవి, గులాబీవి, నీలంవి, అన్నీ.”

మేస్త్రి భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తున్నాడేమోనని నేను కంగారుపడ్డాను. నవ్వుతున్నాడు.

“అయితే పాపం ఈ కొంగ,” అన్నాడు కళ్లు తుడుచుకుంటూ, “ముప్పై ఏళ్లుగా కాళ్లు కాల్చుకుంటూనే ఉందన్నమాట.”

అత్త కూడా నవ్వింది, నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నట్టు చేత్తో గుడ్డముక్క అడ్డం పెట్టుకుని. ఆ పూట మేస్త్రి కాఫీ తాగాడు, చెర్రీ తిన్నాడు, ఇంకొంచెం వెయ్యమని పళ్లెం చాపాడు.

ఆ తర్వాతి రెండు నెలలూ మా యార్డులో అంత సందడి నేనెప్పుడూ చూడలేదు. నీలం తివాచీ లేపితే కింద గులాబీ జిగురు, దాని కింద నారింజ దారాలు, అన్నిటికంటే అడుగున అసలు నేల చెక్క బయటపడ్డాయి. కొంగకు కాళ్లు అతికించి, అతుకు ఎక్కడుందో చూపించమని కనపడినవాడినల్లా సవాలు చేశాడు మేస్త్రి. ఎవరూ చూపించలేకపోయారు. అత్త మాత్రం గోటితో పట్టేసింది. ఆ సంగతి నా చెవిలో చెప్పి, ఆయనకు మాత్రం చెప్పొద్దంది.

కర్టెన్ల దగ్గర దనాయికి, అత్తకు మాటామాటా వచ్చింది. అరవై నాలుగు నాటి రంగు ఫొటోలో ఉన్నట్టు ముదురాకుపచ్చే కావాలని దనాయి పట్టు. “అవి కుట్టింది నేనే కదమ్మా,” అంది అత్త. “ఆ రంగుకు గది గుహలా ఉండేది. పట్టపగలు దీపం వేసుకుని చదివేవాళ్లట. అప్పుడు నాకు అనుభవం లేదు. పాతదంతా మంచిదని ఎవరన్నారు నీకు?” చివరికి లేతాకుపచ్చ వేశారు. అంతటితో ఆగక అత్త, మా ఇళ్లల్లో చెదిరిపోయిన నారింజ కుర్చీలు ఇరవై పోగుచేయించి, వెనక డెక్కు మీద వేయించింది. వాటంత సుఖమైన కుర్చీ గలాతియాలో ఇంకోటి లేదని ఆమె వాదన. దనాయి ఒకదాంట్లో కూర్చుని చూసి, సరేనంది.

ఈస్టర్ అయిన తర్వాతి వారం ఓడ బయల్దేరింది. మావాళ్లు నలభై ఒక్కమంది. ఓడలో మూడు పూటలా భోజనం ఉందని ఎంత చెప్పినా, ప్రతి ఇంటివాళ్లూ పండక్కి రంగు వేసి ఉడికించిన ఎర్రగుడ్లు, చీజ్ రొట్టెలు మూటలు కట్టుకొచ్చారు. మా కొండ ముందు నుంచి పోతూ గలాతియా మూడుసార్లు కూత వేసింది. కొండ మీద మిగిలినవాళ్లు దుప్పట్లు ఊపారు.

నేల చివరి కొన సూనియో దాటి పెద్ద సముద్రంలోకి వచ్చాక అత్త కోసం వెతికితే లైబ్రరీలో దొరికింది. గది మధ్యలో నిలబడి కిటికీలవైపే చూస్తోంది. ఓడ ఒక పక్కకు ఒరిగినప్పుడల్లా పదహారు కర్టెన్లూ ఒకే తీరుగా గోడ నుంచి ఎడంగా వచ్చి, ఆగి, మళ్లీ మెల్లగా వెనక్కి పోతున్నాయి.

“ఊపిరి పీలుస్తున్నట్టున్నాయి రా, ఆర్గిరిస్,” అంది నాతో. “ఇన్నేళ్లు కుట్టాను, ఇలా ఉంటుందని నాకు తెలియనే తెలియదు.”

మేస్త్రి ఆ మూల ఒక్కో తలుపుకూ చెవి ఆనించి వింటున్నాడు. కిర్రుమంటున్నాయేమని నేనడిగితే, ఓడ కదిలితే చెక్క మాట్లాడాలి, మాట్లాడకపోతేనే భయపడాలి అన్నాడు.

రెండో రోజు మధ్యాహ్నం ఒక జర్మన్ పెద్దావిడ లైబ్రరీకి వచ్చి చుట్టూ చూసి ఉసూరుమంది. విషయమేమిటో దనాయి కనుక్కుని చెప్పింది. డెబ్భై అయిదులో ఆవిడ, ఆవిడ భర్త పెళ్లయిన కొత్తలో ఇదే ఓడలో వచ్చారట. ఈ గదిలోనే రోజూ డాన్సు చేశారట. ఆ నారింజ గది చూద్దామనే మళ్లీ ఇంత దూరం వచ్చారట. తీరా చూస్తే ఇక్కడ పక్షులున్నాయి.

అత్త ఇంకేమీ వినలేదు. ఆవిడ చెయ్యి పట్టుకుని, వెనకాలే వాళ్లాయన వస్తుండగా, డెక్కు మీదికి తీసుకెళ్లి నారింజ కుర్చీలో కూర్చోబెట్టింది. ఆవిడ కుర్చీ చేతులను రెండుపక్కలా నిమిరింది. ఏదో అంది. భర్త నవ్వాడు. తర్వాత ఆయన కోటు విప్పి కుర్చీ మీద వేసి, ఆవిడను లేపి, పాటా లేదు గీటా లేదు, ఆ ఎండలోనే నాలుగడుగులు ఆడించాడు. మావాళ్లు చప్పట్లతో తాళం వేశారు. ఎర్రగుడ్ల మూట ఒకటి వాళ్ల చేతుల్లోకి చేరింది.

“చూశావా, మేస్త్రీ,” అంది అత్త. “నా నారింజకూ అభిమానులున్నారు.”

“అప్పట్లో సర్కస్ డేరాలా ఉందనుకున్నాను,” అన్నాడు పాండెలిస్. తనూ ఒక నారింజ కుర్చీలో కూర్చుని, “సర్కస్ కూడా బాగానే ఉంటుందిలే,” అన్నాడు.

నాలుగో రోజు పేరమాకు తిరిగొచ్చాం. అందరం దిగి గట్టు మీద సామాన్లు లెక్కచూసుకున్నాం గానీ వాళ్లిద్దరి జాడ లేదు. గంట గడిచింది. దనాయి, నేను వెతుక్కుంటూ పైకెళ్లాం. ఓడంతా ఖాళీ. మూడో అంతస్తు నడవాలో గొంతులు వినిపించాయి. అత్త చేతిలో దనాయి నోటుపుస్తకం, మేస్త్రి చేతిలో కొలత టేపు. ప్రతి క్యాబిన్‌లోకీ తొంగిచూస్తూ, ఇంకోసారి మార్చాల్సి వస్తే ఏమేం మార్చాలో రాసుకుంటున్నారు. ఈ వరుసకంతా పసుపు రంగు వెయ్యాలని అత్త. పసుపు వేస్తే తను సుత్తి ముట్టనని మేస్త్రి. కిటికీ ఎంత వెడల్పుంది, ముందు అది చెప్పు అంది అత్త. ఆయన వంగి కొలిచి చెప్పాడు.