బండకూ పొయ్యికీ మధ్య

నేను ఒక గ్యాస్ రెగ్యులేటర్‌ని. మీ వంటింట్లో బండ మూతి మీద నీలిరంగు మీటతో కూర్చుని ఉంటానే, అదే నేను. బండ ఎప్పుడు వస్తుందా అని మీరు ఎదురుచూస్తారు. పొయ్యిని రోజూ తుడిచి పసుపు బొట్టు కూడా పెడతారు. ఆ రెండింటికీ నడుమ ఉన్న నేను మాత్రం వాసన వచ్చిన రోజున తప్ప ఎవరికీ గుర్తురాను.

జింకు కరిగించి, అచ్చులో పోసి, లోపల ఒక స్ప్రింగూ రూపాయి బిళ్ళకంటే కాస్త పెద్ద రబ్బరు పొరా పెట్టి నన్ను తయారుచేశారు. బండలో గ్యాసు కట్లు తెంచుకున్న ఎద్దులా తోసుకొస్తుంది. దాని పొగరణచి, దోసె కాలడానికి ఎంత కావాలో అంతే పొయ్యికి పంపడం నా పని. కార్ఖానాలో పరీక్ష పెట్టి, వెనక ముద్ర కొట్టి పంపించారు. మొదట ఒక బ్యాంకు ఉద్యోగి ఇంట్లో ఆరేళ్ళు ఉన్నాను. ఆయనకు బదిలీ అయినప్పుడు బండతో పాటు నన్నూ అప్పగించి, డిపాజిట్టు తీసుకుని వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు నా ముఖం చూశాడని చెప్పలేను.

అలా విజయనగరం నుంచి ఒడిశా కొండల వైపు పోయే బస్సులు ఆగే ఒక చిన్న పట్నంలో హైమావతి ఇంటికి చేరాను.

హైమావతి జూనియర్ కాలేజీలో రికార్డు అసిస్టెంటు. భర్త గోపాలం జనపనార మిల్లులో సూపర్‌వైజరు. ఆవిడ దేన్నీ ఊరికే కొనే మనిషి కాదు. కందిపప్పైనా, పిల్లదాని ట్యూషనైనా, పళ్ళ డాక్టరైనా నాలుగుచోట్ల అడిగి, పాత క్యాలెండరు కాగితం వెనక గళ్ళు గీసి, బేరీజు వేసి గానీ అడుగు ముందుకు వెయ్యదు. ఆ వీధి ఆడవాళ్ళు ఏం కొనాలన్నా ముందు ఆవిడ గడప తొక్కేవాళ్ళు. అందుకావిడకు కొంచెం గర్వం కూడా ఉండేది. ఉండదగిన గర్వమే.

నన్ను ఆ ఇంట్లో బిగించినవాడు దాలినాయుడు. రైసు మిల్లు పక్కన ఉన్న ఏజెన్సీలో మెకానిక్కు. ఊళ్ళో దాన్ని అందరూ రైసుమిల్లు గ్యాసు అనేవారు. దాలినాయుడు పొట్టిగా, నల్లగా, ఎప్పుడూ ఎవరిమీదో కోపంగా ఉన్నట్టు ఉండేవాడు. నన్ను చేతిలోకి తీసుకుని, చెవి దగ్గర పెట్టుకుని ఊపి, మీట నాలుగుసార్లు తిప్పి చూశాడు. పుట్టినప్పటి నుంచి నన్ను అంత శ్రద్ధగా చూసిన మనిషి అతనొక్కడే. కానీ మనుషుల్ని అతను అంత శ్రద్ధగా చూసేవాడు కాదు.

"ట్యూబు పొయ్యి కిందనుంచి లాగినారేటి? ఎవులు సెప్పినారు మీకు? కాలిపోతే ఇల్లు లెగిసిపోద్దమ్మా. సదువుకున్నోరే గదా!"

ఇది, ఇంటికొచ్చిన కాలేజీ ప్రిన్సిపాలు గారి భార్య ఎదుట హైమావతిని అతను అన్న మాట. ఆవిడ టీ తాగుతూ నవ్వింది. హైమావతి ముఖం ఎర్రబడింది. దాలినాయుడు ఆ ముఖం కూడా చూడలేదు. ట్యూబు సరిచేసి, చేతులు లాగుకి తుడుచుకుని, సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

తర్వాత రెండేళ్ళకు బస్టాండు ఎదురుగా కొత్త ఏజెన్సీ వచ్చింది. అద్దాల తలుపులు, చల్లటి గది, బల్ల మీద గిన్నెలో చాక్లెట్లు. జనం దానికి అద్దాల గ్యాసు అని పేరు పెట్టేశారు. రెండూ ఒకే కంపెనీ ఏజెన్సీలే. బండ ధర ఒకటే, బండా ఒకటే. కావాలంటే ఒకదాన్నుంచి ఇంకోదానికి మారవచ్చు, రెగ్యులేటర్ కూడా మార్చక్కర్లేదు అని పేపర్లో వేశారు.

హైమావతి క్యాలెండరు కాగితం తీసి గళ్ళు గీసింది. రైసుమిల్లు గ్యాసు: బండ తొమ్మిది రోజులకు వస్తుంది, మోసినవాడు పైన ముప్ఫై అడుగుతాడు, ఫోను ఎత్తరు, ఎత్తితే విసుక్కుంటారు. అద్దాల గ్యాసు: మూడు రోజులు, పైన ఇరవై, రెండో మోతకే ఫోను ఎత్తుతారు, మేడమ్ అంటారు. చివరి గడిలో 'మర్యాద' అని రాసి, ఒకవైపు సున్నా పెట్టింది. ఇంకోవైపు ఏం పెట్టాలో తెలుసుకోవడానికి తనే స్వయంగా అద్దాల ఆఫీసుకు వెళ్ళి వచ్చింది.

"కూర్చోమని కుర్చీ వేశారండీ," అని గోపాలంతో చెప్పింది. ఆ గొంతులో ఉన్న సంతోషం నాకు ఇప్పటికీ గుర్తు. మనిషిని మనిషిగా చూడమని కోరుకోవడంలో తప్పేముంది? అన్నీ అడిగి వచ్చింది. అక్కడ మెకానిక్కు ఉన్నాడా అని మాత్రం ఆవిడ అడగలేదు, నాలుగు ఊళ్ళకు కలిపి ఒకడే ఉన్నాడని వాళ్ళు చెప్పలేదు.

మారడానికి ముందు కంపెనీవాళ్ళు ఫోన్‌లో అడిగారు. పాత ఏజెన్సీ మీద మీ అభిప్రాయం ఏమిటి, అయిదుకు ఎన్ని మార్కులు? ఆవిడ ఒకటి నొక్కింది. కారణం? 'మెకానిక్ ప్రవర్తన' అని చెప్పింది. అబద్ధం కాదు. అలాంటి ఫిర్యాదులు మరో రెండు వచ్చాక రైసుమిల్లు యజమాని దాలినాయుణ్ణి పంపేశాడట. ఆ సంగతి ఆవిడకు బండ మోసేవాళ్ళ ద్వారా ఆర్నెల్ల తర్వాత తెలిసింది. కాసేపు కూర ముక్కలు తరగడం ఆపి కూర్చుంది. "నేనొక్కదాన్నే కాదు గదా చెప్పింది," అంది. గదిలో ఎవరూ లేరు. నాతో అన్నదో, పొయ్యితో అన్నదో.

వీధి వీధంతా అద్దాల గ్యాసుకు మారింది. మూడేళ్ళు బాగానే గడిచింది. నిజం చెప్పాలి గదా.

ఆ రోజు శనివారం, పొద్దున్న పది గంటలు. గోపాలం మిల్లుకు వెళ్ళాడు, పిల్ల బడికి వెళ్ళింది, హైమావతి బండ కోసం సెలవు పెట్టింది. బండ వచ్చింది. మోసినవాడు గుమ్మంలో దించి, ఇరవై తీసుకుని, సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయాడు. హైమావతి మూత తీసి, నన్ను బండ మూతి మీద పెట్టి నొక్కింది. అప్పుడే నాకు అర్థమైంది. బండ మూతిలో ఒక చిన్న పిన్ను ఉంటుంది. నేను దిగితే అది కిందికి పోవాలి, నన్ను తీస్తే పైకి వచ్చి గ్యాసు ఆపాలి. అది కిందనే ఇరుక్కుపోయింది. మూతిలోని వాషరు కూడా పోయింది, నా పక్కనుంచి బుస్సుమని గ్యాసు. ఆవిడ నన్ను తీసింది, బుస పెద్దదైంది. మూత బిగించింది. మూతలో రబ్బరు ఎప్పుడో ఎండి పగిలిపోయి ఉంది, ఆగలేదు. చివరకు నన్నే మళ్ళీ కుదేసి నొక్కింది, బుస కాస్త తగ్గింది. నాకు చేతనైనంత ఆపుతూ ఉన్నాను.

ఆవిడ వాకిట్లోకి పరిగెత్తి ఫోను చేసింది. రెండో మోతకే ఎత్తారు.

"నమస్కారం మేడమ్. మీకు ఏ విధంగా సాయపడగలను?"

"గ్యాసు లీకవుతోందమ్మా! కొత్త బండ! ఎవర్నైనా పంపించండి!"

"మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం మేడమ్. మీ ఫిర్యాదు నమోదు చేశాను. నాలుగు గంటల లోపల మా టెక్నీషియన్ మిమ్మల్ని సంప్రదిస్తారు."

"నాలుగు గంటలా? అప్పటికి ఇల్లు ఉంటుందా?"

"అర్థం చేసుకోగలను మేడమ్. ఇంకేమైనా సాయం కావాలా?"

ఆ పిల్ల గొంతు నిజంగా మెత్తనిది. ఆమెనేం అనగలం? ఆమె ఎక్కడో వందల మైళ్ళ దూరంలో, కంప్యూటరు అద్దం ముందు కూర్చుని, రాసి ఇచ్చింది చదువుతోంది.

హైమావతి రైసుమిల్లు గ్యాసుకు చేసింది. "మీరు మా కస్టమరు కారు గదండీ," అని పెట్టేశారు. అప్పుడావిడకు పాత గ్యాసు బుక్కు అట్ట లోపల ఎప్పుడో పెన్సిలుతో రాసుకున్న దాలినాయుడి నెంబరు గుర్తొచ్చింది. చేసింది. అతను ఎవరు మీరని గానీ, ఎందుకని గానీ అడగలేదు.

"ఏ ఈధి? ... ఆఁ, తెలుసు. కరెంటు స్విచ్చీలు ముట్టుకోకండి. తలుపులు తీసీసి బయట నిలబడండి. వచ్చెత్తన్నాను."

బస్టాండు కాంప్లెక్సు పక్కన ప్లాట్‌ఫారం మీద కుక్కర్లూ పొయ్యిలూ బాగుచేసుకుంటున్నాడట. పది నిమిషాల్లో సైకిలు గోడకు కొట్టి పడేసి లోపలికి వచ్చాడు. బక్కచిక్కాడు. కోపం మాత్రం అలాగే ఉంది.

"కిటికీ ఎందుకు తియ్యనేదు? సూత్తా నిలబడ్డారేటి!"

ఈసారి ఆవిడ ముఖం ఎర్రబడలేదు. పరిగెత్తి వంటింటి కిటికీ తీసింది. అతను తడి గోనె చుట్టి, బండను నాతో సహా భుజానికెత్తుకుని, పెరటి తలుపు దాటి, గోడ అవతల ఖాళీ స్థలంలోకి మోసుకుపోయాడు. దించి నన్ను తీశాడు. మళ్ళీ పెట్టాడు. తీశాడు, పెట్టాడు. నాతో కొట్టి ఆ పిన్నును కదపాలని చూస్తున్నాడు. "లెగు, లెగవే, నీ తల్లి," అని తిట్టాడు, నన్నో, పిన్నునో. నాలుగోసారికి అది కదిలింది. ఇంకొక్కసారి చాలు. అది మాకిద్దరికే తెలుసు.

గ్యాసు గాలికంటే బరువు. నేల మీద పాములా పాకుతుంది. ఆ స్థలానికి అవతలి చివర, రేకుల పాకలో ఎవరో స్నానానికి కట్టెల పొయ్యి మీద నీళ్ళు కాచుకుంటున్నారు. గడ్డి మీదుగా నీలంగా, చప్పుడు లేకుండా మంట మా వైపు వచ్చింది. దాలినాయుడు చూశాడు. వదిలేసి పరిగెత్తవచ్చు. రెండు చేతులతో నన్ను ఆఖరిసారి నొక్కి, పైకి లాగాడు. పిన్ను పైకి వచ్చేసింది. గ్యాసు ఆగిపోయింది. కానీ అప్పటికి బయటికి వచ్చిన గ్యాసంతా అతని చేతుల చుట్టూ ఉంది.

హైమావతి తడి దుప్పటి పట్టుకుని అరుస్తూ వచ్చింది.

అతన్ని విశాఖ పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. ఇల్లు నిలిచింది. వీధి నిలిచింది. బండ కూడా చెక్కుచెదరలేదు. నాకు మాత్రం ఒక పక్క రంగు కాలి బొబ్బలెక్కింది.

మర్నాడు అద్దాల గ్యాసు మేనేజరు యాపిల్ పళ్ళతో వచ్చాడు. బండను ఆటోలో ఎక్కించాడు, నన్ను కవరులో వేసుకున్నాడు. మూడో రోజు హైమావతినీ గోపాలాన్నీ ఆఫీసుకు పిలిచాడు. నేను ఆ బల్ల మీదే ఉన్నాను.

"మీ క్షేమమే మాకు ముఖ్యం మేడమ్," అంటూ కాగితం ముందుకు జరిపాడు. పాత రెగ్యులేటర్ లోపం వల్ల లీకు ఏర్పడింది. ఏజెన్సీకి సంబంధం లేని వ్యక్తి, ఎవరూ పిలవకుండానే వచ్చి, బండను తాకాడు. అంతే, రెండు వాక్యాలు.

"నేనే పిలిచాను," అంది హైమావతి.

మేనేజరు జాలిగా చూశాడు. "అలా రాస్తే కేసు మీ మీదికి వస్తుంది మేడమ్. అనధికార వ్యక్తిని పిలవడం వినియోగదారుడి తప్పు. మీది గవర్నమెంటు ఉద్యోగం కూడాను."

"బండలో పిన్ను ఇరుక్కుందని ఆయన అన్నాడు. రెగ్యులేటర్ కాదు."

"ఆయనకు అధికారం లేదు గదా, మేడమ్."

"మరి అతని వైద్యానికి?"

"పైకి రాస్తాం."

గోపాలం ఆవిడ మోచెయ్యి పట్టుకున్నాడు. "సంతకం పెట్టీ హైమా. మనకి పిల్లుంది. అతనికి మనం ఏదో ఒకటి సాయం చేద్దాం, వేరేగా."

ఆవిడ నా వైపు చూసింది. ఇన్నేళ్ళలో మొదటిసారి. బొబ్బలెక్కిన నా పక్కను వేలితో ముట్టుకుంది. నాకు నోరుంటే నాలుగు మాటలు చాలు. నోరు ఉన్నవాళ్ళు ముగ్గురు ఆ బల్ల చుట్టూ కూర్చుని ఉన్నారు. ఆవిడ కలం తీసుకుని సంతకం పెట్టింది. అక్షరం అక్షరం విడివిడిగా, కాలేజీ రికార్డుల్లో పెట్టే సంతకం.

కొత్త రెగ్యులేటర్, కొత్త ట్యూబు ఉచితంగా ఇచ్చారు. వేరేగా సాయం చేశారో లేదో నాకు తెలియదు.

నన్ను పారెయ్యలేదు. భద్రతా వారోత్సవాలని ఒక చెక్క బోర్డు చేయించి, ఆఫీసు గోడకు కొట్టి, మధ్యలో నన్ను తీగతో కట్టారు. కింద ఎర్ర అక్షరాలు: 'కాలం చెల్లిన రెగ్యులేటర్ — ప్రాణాలకు ముప్పు.' వచ్చినవాళ్ళు చదివి తల ఊపుతారు. ఆ ఏడాది జిల్లాలో ఉత్తమ వినియోగదారుల సేవ బహుమతి ఈ ఆఫీసుకే వచ్చింది. ఆ ఫొటో నా పక్కనే ఉంది. హైమావతి కూడా అప్పుడప్పుడు పని మీద వస్తుంది. బోర్డు ఉన్న గోడకు వీపు పెట్టి కూర్చుంటుంది. ఒకసారి ఎవరో ఆవిణ్ణి అడిగారు, "ఏ గ్యాసు మంచిదమ్మా, మీకు బాగా తెలుసంట గదా?" అని. "రెండూ ఒకటే," అని ఊరుకుంది.

మొన్న వేసవిలో, ప్రతి ఇంటివాళ్ళూ వచ్చి వేలిముద్ర వెయ్యాలని, లేకపోతే సబ్సిడీ ఆగిపోతుందని చెప్పారు. ఆఫీసు కిటకిటలాడింది. దాలినాయుడు వచ్చాడు. అతని ఇంట్లోనూ బండ ఉంటుందని నాకెప్పుడూ తోచలేదు. రెండు చేతుల వేళ్ళూ ఒకదానికొకటి అంటుకుపోయి, చర్మం మైనంలా మెరుస్తోంది.

కౌంటరు దగ్గరి అమ్మాయి మిషను ముందుకు జరిపింది. "బొటనవేలు పెట్టండి సార్." పెట్టాడు. ఎర్ర దీపం. "ఇంకోటి సార్." ఎర్ర దీపం. "కొంచెం తుడుచుకుని మళ్ళీ పెట్టండి సార్." చొక్కాకు తుడుచుకుని మళ్ళీ పెట్టాడు. పదివేళ్ళూ అయ్యాయి.

"మీ ముద్రలు పడటం లేదు సార్. క్షమించాలి. ఆధార్ సెంటర్లో అడగండి."

అతను తల ఎత్తాడు. నన్ను చూశాడు. కళ్ళు చికిలించి కింద ఎర్ర అక్షరాలు కూడబలుక్కుని చదివాడు. చాలాసేపు పట్టింది.

"ఈ రెగ్యులేటర్ మంచిదేనమ్మా," అన్నాడు. కోపంగా కాదు. ఆ గొంతులో కోపం లేకపోవడం నేను మొదటిసారి విన్నాను. "దీన్లో తప్పు నేదు. బండలో ఉన్నాది."

"సార్, మీ వెనక చాలామంది ఉన్నారు సార్."

అతను పక్కకు తప్పుకున్నాడు. అతని వెనకే, వరుసలో హైమావతి ఉంది.

"బాగున్నారేటమ్మా?" అన్నాడు.

ఆవిడ చేతిలోని గ్యాసు బుక్కు తెరిచి అందులోకి చూసింది. అతను తలుపును భుజంతో తోసుకుని ఎండలోకి వెళ్ళిపోయాడు.

"మేడమ్, రండి మేడమ్," అని పిలిచింది అమ్మాయి.

హైమావతి ముందుకు వచ్చి, మిషను మీద బొటనవేలు పెట్టింది. ఒక్కసారికే ఆకుపచ్చ దీపం వెలిగింది.