చినుకు కోసం ఉంచిన చోటు

టప్.

వాన వెలిసిన సాయంత్రం. చూరు గొట్టం నుంచి రేకు బకెట్లోకి ఒక్క చినుకు. ఆ తర్వాత... ఏమీ లేదు.

మళ్లీ టప్.

మధ్యలో ఆ ఏమీ లేనితనం ఉందే — బొహ్దానాకు కావలసింది అదే.

చెక్ దేశంలోని బ్ర్నో ఊళ్లో పిల్లలు పడుకునే ముందు టీవీలో ఒక బొమ్మల కథ వస్తుంది. అది అయ్యాకే పళ్లు తోముకోవడం. అది అయ్యాకే పక్క ఎక్కడం. ఆ కథలకు బాణీలు కట్టేది బొహ్దానా. ఈసారి కథ ఒక ముళ్లపందిది. అది గొడుగు విప్పుతుంది. ఆకాశంలోకి చూస్తుంది. క్లారినెట్ ఆగుతుంది. అన్నీ ఆగుతాయి.

ఆ తర్వాత పడే చినుకు చప్పుడును ఆమె రాయలేదు. టీవీ ముందున్న పిల్లలే నోటితో వేస్తారని ఆ చోటు వదిలేసింది.

పోయిన వారం ఏమైంది? పాట ఆగగానే ప్రసారాల గదిలో కూర్చున్నాయన గుండె గుభేలుమంది. అంతా చెడిపోయిందనుకున్నాడు. “అంతరాయానికి చింతిస్తున్నాము” అన్న అట్ట తెర మీద పెట్టేశాడు. ముళ్లపంది మాయం. చినుకూ మాయం.

దర్శకుడు ఒతకర్ మండిపడ్డాడు.

“ఏమమ్మా బొహ్దానా, అక్కడో గంట కొట్టించరాదూ? నీ సొమ్మేం పోయింది?”

“గంట కొడితే పిల్లలు వింటారు. వదిలేస్తే వాళ్లే అంటారు.”

“నోరు విప్పకపోతే?”

“విప్పుతారయ్యా.”

“అబ్బో, ఏం ధీమా! ఇవాళ మళ్లీ వేస్తున్నా. ఎవరూ పలక్కపోతే బాణీ ఇంకొకరిది. తర్వాత ఏడవకు.”

“ఏడ్చినా శ్రుతిలోనే ఏడుస్తాలే.”

ఈసారి అట్ట పెట్టొద్దని ప్రసారాల గదికి ముందే గట్టిగా చెప్పి, ఒతకర్ సాయంత్రానికి ఆమె ఇంటికి వచ్చాడు. ఇద్దరూ వసారాలో నిలబడ్డారు. నాలుగు వైపులా అంతస్తులు, మధ్యలో వాకిలి. కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. అన్నింట్లోంచీ ఒకటే పాట — ఆమె పాట.

ముళ్లపంది గొడుగు విప్పే చోటు వచ్చింది.

పాట ఆగింది.

ఒతకర్ గసగసాల బన్ను కొరకబోయి ఆగిపోయాడు. బొహ్దానా వసారా కమ్మీని గట్టిగా పట్టుకుంది. ధీమా ఉన్నవాళ్లకు భయం ఉండదని ఎవరన్నారు?

ఏమీ లేదు...

ఇంకా ఏమీ లేదు...

“టప్!”

మూడో అంతస్తులో ఓ చిన్న గొంతు. “టప్!” కింద ఇంకొకటి. ఎదుటింట్లో ఇద్దరు, ఒకరి మీద ఒకరు పడి. ఒక్కటీ తాళంలో లేదు.

బొహ్దానా పకపకా నవ్వింది. కళ్లు తుడుచుకుంది.

“విన్నాంలే,” అన్నాడు ఒతకర్. “ఒక్క వాకిలేగా... ఊరంతా ఏమందో ఎవరికి తెలుసు?”

ఆమె వేలెత్తి ఊరుకోమంది.

కింద, బకెట్లో —

టప్.